వీధిలో కొత్త వరద కాలువ వేస్తున్నారు, ఆ నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయో ఎవరూ చెప్పట్లేదు

సెల్లార్లో_చేపలు
మా కాలనీ హైదరాబాద్ తూర్పు వైపు, ఒకప్పటి చెరువు కట్టకి దిగువన. 2020 అక్టోబరులో మెట్ల మీదికి నీళ్ళొచ్చాయి. అప్పట్నుంచి గట్టి వాన పడిందంటే సెల్లార్ మునగడం మామూలైపోయింది. ఇన్నాళ్ళకి మా వీధికి బాక్స్ డ్రైన్ (కాంక్రీటుతో డబ్బాలా కట్టే కాలువ) శాంక్షనైంది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒకటే శాలువాలు, పూలదండలు.

నా అనుమానం ఒక్కటే. ఈ కొత్త కాలువ వీధి చివర పాత కల్వర్టులో కలుస్తుంది. అందులోంచి మనిషి వంగి కూడా దూరలేడు. "మరి దాని సంగతేంటి" అని అడిగితే "అది వేరే ప్యాకేజీ సార్" అన్నాడు సైటు మీదున్న సూపర్‌వైజరు. ఈ ఏరియా మొత్తానికి వాటర్‌షెడ్ స్టడీ (ఎక్కడెక్కడి నీళ్ళు ఇటు దిగుతాయో, ఆ పరీవాహకం లెక్క) ఏమైనా చేశారా అంటే "షెడ్డు కట్టట్లేదు సార్, కాలువే" అన్నాడు. మా సెక్రటరీ గారేమో నోటి దాకా వచ్చింది చెడగొట్టకు అంటున్నారు. పని ఆపమని అర్జీ పెట్టాలా, ఎంతో కొంత నయమని ఊరుకోవాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చాయ్_బిస్కట్
వేరే ప్యాకేజీ అంటే వేరే ఎలక్షన్ అని అర్థం.

దిగువ_వీధి
మేం గట్లాంటి కల్వర్టుకు అవతల ఉండేటోళ్ళం. మా ఎగువ కాలనీల ఇట్లనే డబ్బా కాలువ ఏసిన్రు. వాళ్ళ రోడ్డు మీద ఇప్పుడు నీళ్ళు నిలుస్తలేవు, మంచిగుంది. ఆ నీళ్ళన్నీ మా ఇండ్లల్లకు వస్తున్నయ్. ముందు వాన పడ్డంక గంటకు వచ్చేవి, సామాన్లు పైకెత్తుకునే టైమన్న దొరికేది. ఇప్పుడు పావుగంటల వస్తున్నయ్. మీ అర్జీల మా సంగతి కూడ రాయున్రి.

రిటైర్డ్_ఈఈ
పని ఆపమని అడక్కండి. ఒకసారి ఆగితే మళ్ళీ టెండరు పిలిచేసరికి మీ పిల్లల పెళ్ళిళ్ళు కూడా అయిపోతాయి. అలాగని ఊరుకోవద్దు.

కాలువ డిజైను కింది కొస నుంచి మొదలవ్వాలి. నీళ్ళు చివరికి ఏ చెరువులో పడతాయి, ఏ నాలాలో కలుస్తాయి, వరదొచ్చినప్పుడు అక్కడ మట్టం ఎంత ఉంటుంది, ఇవి తెలిస్తేనే పైన కాలువ అడుగు ఎంత లోతులో పెట్టాలో తేలేది. పనులు మాత్రం డబ్బొచ్చిన చోట మొదలవుతాయి. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా నా సర్వీసంతా ఇదే చూశాను.

లెక్క బ్రహ్మవిద్యేం కాదు. ఎంత విస్తీర్ణం నుంచి నీళ్ళు దిగుతున్నాయో హెక్టార్లలో తీసుకోండి. గంటకి ఎన్ని మిల్లీమీటర్ల వానో తీసుకోండి. పడ్డదాంట్లో ఇంకిపోగా ఎంత వంతు పారుతుందో దానికో గుణకం. ఈ మూడింటినీ గుణించి ఇంకో పదితో గుణిస్తే గంటకి ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. 100 హెక్టార్లు పొలాలూ చెట్లూ ఉన్నప్పుడు గుణకం 0.3 అనుకుందాం. గంటకి 50 మి.మీ. వానకి 15 వేల ఘనపు మీటర్లు, అంటే సెకనుకి నాలుగు చిల్లర. అవే 100 హెక్టార్లలో అపార్టుమెంట్లు, సీసీ రోడ్లు వచ్చాక గుణకం 0.8. ఇప్పుడు సెకనుకి 11. వాన ఒక్క చుక్క పెరగలేదు, కల్వర్టు అదే. పైగా మట్టి మీద నిదానంగా వచ్చే నీళ్ళు సిమెంటు మీద పరిగెత్తుకొస్తాయి. పై వీధి నీళ్ళు, కింది వీధి నీళ్ళు అన్నీ ఒకేసారి కల్వర్టు దగ్గరికి చేరతాయి. దిగువ_వీధి చెప్పిన గంటకీ పావుగంటకీ తేడా ఇదే.

నగరంలో పాత కాలువలు గంటకి 2 సెం.మీ. వానకే సరిపోతాయని ఎప్పట్నుంచో అంటున్నారు. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు 24 గంటల్లో 32 సెం.మీ. పడింది.

మీరు ముందు ఒక పని చేయండి. కొత్త కాలువ అడుగుకీ, ఆ పాత కల్వర్టు అడుగుకీ ఎత్తులో తేడా ఎంతో కనుక్కోండి. దీనికి ఇంజనీరే అక్కర్లేదు, మేస్త్రి దగ్గరుండే లెవల్ పైపు చాలు.

స్టడీలకి_దండం
మళ్ళీ స్టడీ మాటే. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెం.మీ. పడింది. కిర్లోస్కర్ కన్సల్టెన్సీ వాళ్ళతో స్టడీ చేయించారు. 2003లో రిపోర్టొచ్చింది. నాలాల మీద 28 వేల ఆక్రమణలున్నాయని తేల్చారు. ఆ తర్వాత ఏం జరిగింది? 2020 జరిగింది. అప్పుడు ఎస్‌ఎన్‌డీపీ (నాలాల అభివృద్ధి పథకం) అని పేరు పెట్టి మొదటి విడతకి దాదాపు రూ.985 కోట్లు అన్నారు. రోగమేంటో ఇరవై ఏళ్ళ కిందే తెలిసింది, మందు వెయ్యకుండా మళ్ళీ మళ్ళీ రక్తపరీక్షలు ఎందుకండీ? ఉన్న రిపోర్టు దుమ్ము దులపండి చాలు.

చాయ్_బిస్కట్
దుమ్ము దులిపితే అది కూడా నాలాలోనే పడుద్ది బ్రో.

కాంటూరు_పిచ్చి
స్టడీలకి_దండం, ఇక్కడ మీతో ఒప్పుకోను. 2003లో జీహెచ్‌ఎంసీయే లేదు. పాత నగర కార్పొరేషన్‌లో 12 మున్సిపాలిటీలు కలిసి అది ఏర్పడింది 2007లో. అప్పటి కోకాపేట, నార్సింగి, పోచారం ఎలా ఉండేవి, ఇప్పుడెలా ఉన్నాయి? ఈఈ గారు చెప్పిన ఆ గుణకమే నగరం అంచులంతా మారిపోయింది. 2003 లెక్కతో ఇప్పుడు పైపు వేస్తే అది ఆనాటి వరదకే సరిపోతుంది.

పాత రిపోర్టులో ఆక్రమణల మాట ఇప్పటికీ నిజమే, కాదనను. నీళ్ళ లెక్క మాత్రం కొత్తగా వెయ్యాల్సిందే.

ఇంకోటి, మన ఏరియా హద్దుల సంగతి మనమే ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఇస్రోకి చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ళ భువన్ సైటులో కార్టోడెమ్ అనే నేల ఎత్తుల మ్యాపు ఉచితంగా దొరుకుతుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేసి మీ కల్వర్టు మీద పాయింటు పెడితే, ఎక్కడెక్కడి నీళ్ళు అక్కడికి దిగుతాయో గీత గీసి చూపిస్తుంది. 30 మీటర్ల గ్రిడ్డు కాబట్టి వీధి మలుపులు తెలియవు, కానీ చుట్టూ ఉన్న మిట్ట ఎక్కడుందో తెలుస్తుంది. నేను మా ఏరియాకి వేశాను. మా కాలనీలోకి వచ్చే నీళ్ళు మూడు వార్డుల నుంచి, రెండు సర్కిళ్ళ నుంచి వస్తున్నాయి. ముగ్గురు కార్పొరేటర్లు మూడు చోట్ల మూడు సైజుల కాలువలు శంకుస్థాపన చేశారు. పైన వెడల్పు, మధ్యలో ఇరుకు, కింద మళ్ళీ వెడల్పు.

దిగువ_వీధి
నీళ్ళకు వార్డు మెంబరెవరో ఏం తెల్సు అన్నా.

మూసీ_పక్కోణ్ణి
స్టడీ అంటే ఇక్కడ అందరికీ చులకనైపోయింది గానీ, ఈ ఊరు ఇంతకాలం నిలబడ్డదే ఒక స్టడీ మీద.

1908 సెప్టెంబరు 28న మూసీ వచ్చింది. పోయినవాళ్ళు పదిహేను వేలని లెక్క. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, చూసిరండి. మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన వచ్చీ రాగానే నది పక్కన గోడ కట్టండి అని పోలేదు. ఎగువన మూసీ, ఈసీ పరీవాహకమంతా లెక్క కట్టించాడు. 788 చెరువులు తేలాయి, అంటే దాదాపు చదరపు మైలుకొకటి. అందులో 221 ఆ వరదకి తెగాయి. పై చెరువు తెగి ఆ నీళ్ళు కింద చెరువు మీద పడటం, అదీ తెగడం, అట్లా వరసగా. ఊళ్ళో పడ్డ వానకి కాదు ఊరు కొట్టుకుపోయింది, పైన కట్టలు తెగి వచ్చిన నీళ్ళకి. అందుకే ఎగువనే నీళ్ళు పట్టి ఉంచి మెల్లగా వదలాలన్నాడు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఆ జలాశయాల పరీవాహకాన్ని కాపాడ్డానికి కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో తెచ్చారు, 84 ఊళ్ళు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. రేపు ఆ 84 ఊళ్ళలో కూడా సీసీ రోడ్లేస్తే ఈఈ గారి 0.3 ఎంతవుతుందో ఆయన్నే అడగండి.

రిటైర్డ్_ఈఈ
ఎంతవుతుందో చెప్పను, నాకు బీపీ ఉంది.

సిటీబస్_సింగారం
ఆ రెండు జలాశయాలుండగా 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళెట్లా వచ్చాయి మరి? నేను ఆ రాత్రి ఊరికి పోదామని బయల్దేరి మధ్యలోంచే వెనక్కి తిరిగా.

మూసీ_పక్కోణ్ణి
గేట్లెత్తితే నీళ్ళు కిందికే గదా వచ్చేది. బస్టాండు ఎక్కడ కట్టారో ఒకసారి మ్యాపు తెరిచి చూడు, రెండు పక్కలా మూసీయే.

బెజవాడ_బాబాయ్
ఈఈ గారు కింది కొస మట్టం అన్నారు చూశారూ, దాని విలువ మా సింగ్‌నగర్ వాళ్ళని అడగండి.

మా బుడమేరు అసలు కొల్లేరుకి పోయే వాగు. ఊరు మునక్కుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి, అక్కణ్ణించి డైవర్షన్ కాలువ తవ్వి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. కాయితం మీద బ్రహ్మాండం. 2024 ఆగస్టు ఆఖర్న వాగూ పొంగింది, కృష్ణా పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ చూళ్ళేదు. నిండుగా ఉన్న కృష్ణలోకి కాలువ నీళ్ళు ఎట్టా దిగుతాయండీ? కవులూరు దగ్గర కట్టకి గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 తెల్లారేసరికి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపంతా నీళ్ళే. మా తోడల్లుడి ఇల్లు అక్కడే. పాలప్యాకెట్లు డాబా మీదికి తాడు కట్టి లాక్కున్నారు.

ఊళ్ళో పడ్డ వాన వేరు, పక్క మండలాల్లో పడి ఊళ్ళోకొచ్చే వాన వేరు. మా ఊళ్ళో డ్రైన్లు అద్దాల్లా కడిగినా ఆ రోజు ఆగేది కాదు.

స్టడీలకి_దండం
అంటే ఏం చేసినా మునుగుతాం అంటారు. మరి ఇంత చర్చ దేనికి?

బెజవాడ_బాబాయ్
అట్టా అన్నానా నేను? కాలువ ఎంత మోస్తుందో, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఎంత మోస్తుందో రెండు లెక్కలూ కావాలన్నా. మొదటిది అందరికీ నోటికొచ్చు, రెండోది ఎవరూ మాట్లాడరు.

కేటీ_టెక్సాస్
మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. ఇక్కడ స్టడీలకి కొదవ లేదు, అయినా 2017లో హార్వీ తుపానుకి మునిగాం. మా ఇళ్ళు బార్కర్ రిజర్వాయర్‌కి ఎగువన. రిజర్వాయర్ నిండితే నీళ్ళు వెనక్కి వచ్చి నిలబడే జాగాలోనే కాలనీలు వేశారు. మన భాషలో చెప్పాలంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు నిలిచే హద్దు) లోపల ప్లాట్లు. ఫోర్ట్ బెండ్ కౌంటీలో లేఅవుట్ మ్యాపు మీద ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది, ఇక్కడ నీళ్ళు నిలిచే అవకాశముందని. స్కూళ్ళు ఎన్నో రేటింగో చూశాం గానీ ఆ లైను ఎవరం చూశాం? మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉన్నారు ఈ చుట్టుపక్కల.

ఆ తర్వాత మాత్రం ఒక మంచి పని జరిగింది. 2018 ఆగస్టులో హారిస్ కౌంటీ జనం ఓటేసి 250 కోట్ల డాలర్ల బాండుకి ఒప్పుకున్నారు. కౌంటీని వాటర్‌షెడ్ల వారీగా విడగొట్టి, ఏ వాగు మీద ఏ పని ఎంతదాకా వచ్చిందో ఆన్‌లైన్‌లో పెడతారు. ఆలస్యాలున్నాయి, తిట్లున్నాయి, కానీ చూసుకోడానికి లెక్కంటూ ఉంది. కొత్తగా లేఅవుట్ వేస్తే నీళ్ళు ఆగడానికి ఓ గుంట తవ్వి చూపించాలి, అది లేందే పర్మిషన్ రాదు.

చాయ్_బిస్కట్
మన దగ్గర గుంట ముందే ఉంటది. దాన్ని పూడ్చి లేఅవుట్ వేస్తాం. అదే తేడా.

ఓరుగల్లు_పిల్ల
వరంగల్ గురించి ఎవరూ రాయలేదేంటి? 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్టకి గండి పడింది. నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ ఎన్నిసార్లు మునిగిందో లెక్కలేదు. 2024లో పాత వంతెన కూలగొట్టి నాలా వెడల్పు చేశారు. మా ఇంటి వైపు తేడా బాగానే తెలిసింది. కానీ 2025 అక్టోబరులో మొంథా తుపాను వానకి మళ్ళీ ఎన్నో కాలనీలు నీళ్ళలోనే. ఒకచోట వెడల్పు చేస్తే ఆ ఒక్కచోటికే మేలు. కాకతీయులు చెరువుకి చెరువు గొలుసు కట్టి పోతే, మనం గొలుసులో ఒక్కో లింకూ అమ్ముకున్నాం.

గృహప్రవేశం_బాకీ
అందరూ ఆక్రమణలు ఆక్రమణలు అంటున్నారు, మాలాంటి వాళ్ళ సంగతేంటి? మా ఇల్లు నాలాకి దగ్గర్లోనే. ప్లానుంది, పర్మిషనుంది, బ్యాంకు లోనిచ్చింది, ఆస్తిపన్ను కడుతున్నాం. ఇప్పుడు బఫర్ (నాలా పక్కన కట్టకుండా వదలాల్సిన జాగా) అని ఎర్రగీత గీసి పోయారు. ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చినప్పట్నుంచీ మా ఆవిడకి నిద్ర లేదు. గీత తప్పయితే పర్మిషన్ ఎవరిచ్చారు?

కాంటూరు_పిచ్చి
రూలు తెలుసుకోండి ముందు. 2012 నాటి 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే పక్కన 9 మీటర్లు, అంతకన్నా చిన్న నాలాకి 2 మీటర్లు. మీ పక్కనున్న నాలా ఏ రకమో కొలిపించండి. గీత ఏ మ్యాపు ఆధారంగా గీశారో రాతపూర్వకంగా అడగండి. పాత గ్రామ నక్షాతో పోల్చి చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఫోటోలు వెనక్కి తిప్పి చూస్తే నాలా అసలు ఎక్కడుండేదో, ఎప్పుడు జరిగిందో కూడా తెలుస్తుంది.

దిగువ_వీధి
పేదోని గుడిసె కాడ ఎర్రగీత, పెద్దోని గేటెడ్ కాడ పచ్చగీత. అది కూడ రాయి అన్నా జీవోల.

స్టడీలకి_దండం
ఇదిగో, అసలు విషయానికి వచ్చారు. కూల్చనిదే నాలా వెడల్పవదు, కూల్చేటప్పుడు ఎవర్ని ముందు అన్నదే గొడవ. స్టడీ ఎందుకు అటకెక్కుతుందో ఇప్పుడర్థమైందా? మొన్నటిదాకా ఉన్న పార్టీ వాళ్ళేమో

వేదిక_నిర్వాహకుడు
పార్టీల దగ్గర కోసేశాను. ఇంతకుముందు ఒక చర్చ ఇలాగే 300 పోస్టులు పోయి ఆఖరికి క్రికెట్ మీద తేలింది. నాలా మీదే ఉండండి.

గృహప్రవేశం_బాకీ
కాంటూరు_పిచ్చి, నక్షా సంగతి చెప్పినందుకు థ్యాంక్స్. మా నాలా 10 మీటర్లు ఉండదనుకుంటా. సోమవారం పోయి అడుగుతా.

పచ్చదనం_పరిశుభ్రత
ప్రతి ఇంటికీ ఇంకుడు గుంత తవ్వితే సగం సమస్య తీరిపోతుంది. ఎవరూ పట్టించుకోరు. కోట్లు పోసి కాలువలు కడతారు.

రిటైర్డ్_ఈఈ
గుంతలు తవ్వండి, బోర్లకి మంచిది, ఎండాకాలం ట్యాంకరు ఖర్చు తగ్గుతుంది. వరదకి మాత్రం మరీ అంత ఆశ పెట్టుకోకండి. మన కింద ఉన్నది గ్రానైటు. పైన కాస్త మొరం, దాని కింద రాయి. మామూలు వాన తాగుతుంది. గంటలో 8, 10 సెం.మీ. కుమ్మరిస్తే గుంత మొదట్లోనే నిండిపోతుంది, మిగతాదంతా రోడ్డు మీదికే.

ఐటీ_కారిడార్
మరి భూమి లోపల ట్యాంకులు కడుతున్నారుగా, రాజ్‌భవన్ రోడ్డు వైపు? రోడ్డు మీద నీళ్ళు అందులోకి పోతాయి, తర్వాత మోటార్లతో తోడేస్తారు. అది అన్ని చోట్లా పెట్టొచ్చుగా.

రిటైర్డ్_ఈఈ
కూడలిలో మోకాలి లోతు నిలిచే చోట అవి పనికొస్తాయి, ట్రాఫిక్ ఆగదు. కానీ ఇందాకటి లెక్కే తీసుకోండి, సెకనుకి 11 ఘనపు మీటర్లు. 10 లక్షల లీటర్ల ట్యాంకు అనుకోండి, అంటే వెయ్యి ఘనపు మీటర్లు. నిమిషంన్నరలో నిండిపోతుంది. ఆ పైన? పరీవాహకం మొత్తానికి అది మందు కాదు. అంత నీళ్ళు పట్టాలంటే చెరువే కావాలి. అంబర్‌పేటలో బతుకమ్మకుంటని మళ్ళీ తవ్వి 2025లో బతికించారు చూడండి, అట్లాంటివి గొలుసుకట్టులో ఎన్ని దొరికితే అంత మంచిది. వానాకాలానికి ముందే కొంత ఖాళీ చేసి ఉంచుకోవాలి కూడా. నిండుగా అందంగా ఉన్న చెరువు వరదని ఏం ఆపుతుంది?

ఐటీ_కారిడార్
ఖాళీ చేస్తే బోటింగు వాళ్ళు ఒప్పుకోరుగా.

చాయ్_బిస్కట్
వానొస్తే మా వీధిలోనే బోటింగు, టికెట్ కూడా లేదు.

జాలీ_ఎత్తినోడు
పెద్ద పెద్ద లెక్కలు నడుస్తున్నయ్ గని, నేను చూసింది చెప్త. మా నాయిన పారిశుద్ధ్యం పనిల రిటైరైండు. ఎండకాలం ఆఖర్ల, రోడ్డు పక్కన నీళ్ళు దిగే క్యాచ్‌పిట్ల మీద జాలీలు ఎత్తి పూడిక తీసేటప్పుడు చిన్నప్పుడు నేను కూడ పోయేటోణ్ణి. ఏమొస్తయ్ తెల్సా? గుట్కా ప్యాకిట్లు పొరలు పొరలు, కొబ్బరి పీచు, థర్మకోల్, మిగిలిన సిమెంటు బస్తాతోటే గట్టిపడి రాయైపోయింది, సెంట్రింగు చెక్కలు, ఒకసారి దిండు. తీసింది పక్కకే పోసి లారీ కోసం సూస్తరు. లారీ వచ్చేలోపల ఒక్క వాన పడ్డదంటే మళ్ళ అదంత లోపటికే.

ఇంకోటి. పైన డాబా మీది వాన పైపును మురుగు లైన్ల కలిపిన ఇండ్లు లెక్కలేనన్ని. మురుగు లైను వాననీళ్ళకోసం ఏసింది కాదు. గట్టి వాన పడంగనే మ్యాన్‌హోల్ మూతలు ఎగిరేది అందుకే. నీళ్ళు పోతలేవని జనం ఆ మూతలే తీసి పెడ్తరు, అది పాపం. నీళ్ళ కింద గుంత కనపడది, మనిషి పోతడు. దయచేసి ఎవరూ తీయకున్రి.

ఓరుగల్లు_పిల్ల
ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా పనికొచ్చే పోస్టు ఇదే. మా అపార్ట్‌మెంట్‌లో డాబా పైపు ఎటు పోతుందో ఇప్పుడే వాచ్‌మన్‌ని అడిగితే, నవ్వి మ్యాన్‌హోల్ చూపించాడు.

మెట్లు_తగ్గుతున్నాయ్
రోడ్ల సంగతి కూడా చెప్పండి ఎవరైనా. మా ఇంటికి కట్టినప్పుడు మూడు మెట్లు. పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్త పొర, దాని మీద ఇంకో పొర. ఇప్పుడు గేటు దగ్గర ఒక్క మెట్టు దిగి లోపలికి పోవాలి. కాలువ ఎంత పెద్దది కట్టినా, రోడ్డు కన్నా ఇల్లు కిందుంటే నీళ్ళు ముందు ఇంట్లోకే వస్తాయి.

రిటైర్డ్_ఈఈ
నిజం. సీసీ రోడ్డు వేసే ముందు ఇళ్ళ గడప మట్టం తీసుకోవాలి, ఎవరూ తీసుకోరు.

సెల్లార్లో_చేపలు
ఈఈ గారు చెప్పినట్టే ఆదివారం పొద్దున మా మేస్త్రిని పట్టుకుని వెళ్ళా. పారదర్శకంగా ఉండే సన్న పైపులో నీళ్ళు నింపి, బుడగలు పోయేదాకా వేలితో తట్టి, ఒక కొస కొత్త కాలువ దగ్గర కర్రకి కట్టాడు, రెండో కొస నేను కల్వర్టు దగ్గర పట్టుకున్నా. రెండు చోట్లా నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీసి, అక్కణ్ణించి కిందికి టేపు వదిలాం. కల్వర్టులో కనపడే అడుగు కొత్త కాలువ కాంక్రీటు అడుగు కన్నా మూరెడు ఎత్తులో ఉంది! పూడిక వల్లేమో అనుకుని మేస్త్రి గడ్డపార దింపాడు. జానెడు దిగి టంగుమని ఆగింది. తవ్వి చూస్తే కింద పాత కాంక్రీటే. అంటే పూడికంతా తీసినా కల్వర్టు ఇంకో జానెడు పైనే ఉంటుంది.

కొత్త కాలువలో నీళ్ళు నిండి జానెడు ఎక్కితే గానీ కల్వర్టులోకి పోవన్నమాట. మేస్త్రి చూసి "ఇది కాలువ కాదు సార్, సంపు" అన్నాడు.

చాయ్_బిస్కట్
స్విమ్మింగ్ పూల్ శాంక్షనైతే కాలువ అనుకుని శాలువాలు కప్పారు మీరు.

స్టడీలకి_దండం
చూశారా, ఇందుకే ఈ ఊళ్ళో దేని మీదా నమ్మకం లేదు నాకు.

రిటైర్డ్_ఈఈ
తొందరపడి తిట్టకండి. ఆ వేరే ప్యాకేజీలో కల్వర్టు తీసేసి లోతుగా కొత్తది కట్టే ప్లానుంటే ఈ మట్టం సరైనదే కావచ్చు. అలాగైతే కల్వర్టు పని ముందు అవ్వాలి, మీ వీధి పని తర్వాత. ప్లాను లేకపోతే మాత్రం మీరు కట్టించుకునేది దోమల ఫారం.

తేలేది కాగితం మీదే. సమాచార హక్కు కింద అర్జీ పెట్టి ఈ కాలువ ఎల్‌ఎస్ డ్రాయింగ్ అడగండి. అంటే పై కొస నుంచి కింది కొస దాకా ఎక్కడ అడుగు మట్టం ఎంతో నిలువుగా కోసి చూపించే బొమ్మ. కల్వర్టు దగ్గర ఆగిపోయిన బొమ్మ ఇస్తే ఒప్పుకోవద్దు, చెరువు అలుగు నుంచి నాలా కలిసే చోటి దాకా అడగండి. ఎంత పరీవాహకం తీసుకున్నారో, గంటకి ఎన్ని మి.మీ. వాన లెక్కేశారో అది కూడా. 30 రోజుల్లో ఇవ్వాలి.

దిగువ_వీధి
అన్నా, రేపు మీ కల్వర్టు పెద్దగ చేసిన్రనుకో. నీళ్ళు ఎటు పోతయ్? మాలాంటోళ్ళ మీదికే గద. మీ ఒక్క కాలనీ పేరు మీద అర్జీ పెడ్తే కింద ఉన్నోళ్ళు అడ్డం పండుకుంటరు, చెప్తున్న.

సెల్లార్లో_చేపలు
నిజమే. కింద రెండు కాలనీల అసోసియేషన్ల నంబర్లు సంపాదించా. ఒకాయన ఫోన్లోనే అరిచాడు, మీ పని మొదలైందని తెలిసినప్పట్నుంచీ స్టే తెద్దామనుకుంటున్నామని. లెవల్ పైపు సంగతి చెప్పాక కాస్త చల్లబడ్డాడు. ముగ్గురం కలిసి ఒకే అర్జీ పెడదామని అనుకున్నాం. మా సెక్రటరీ గారు మాత్రం సంతకం పెట్టనన్నారు. సుద్దగీతల ఫోటో గ్రూపులో పెట్టాక శాలువా కప్పిన ఫోటో తీసేశారు, అంతవరకు నయం.

కాంటూరు_పిచ్చి
మీ కల్వర్టు లొకేషన్ నాకు మెసేజ్ చేయండి. పరీవాహకం హద్దు గీసి మ్యాపు ఇస్తా, అర్జీకి జత చేయండి. అంకెలు ఉంటే పక్కన పడెయ్యడం అంత తేలిక కాదు.

బెజవాడ_బాబాయ్
నాలా కలిసే చోట మూసీ నిండుగా ఉన్నప్పటి మట్టం అడగడం మర్చిపోకండేం.

సెల్లార్లో_చేపలు
అర్జీ చిత్తుప్రతి: "పై విషయమును తమరు కూలంకషముగా పరిశీలించి తగు చర్యలు తీసుకొనగలరని ప్రార్థన." ఇలా ముగించా. సరిపోతుందా?

రిటైర్డ్_ఈఈ
ఆ లైను కొట్టెయ్యండి. పరిశీలించమంటే "పరిశీలించడమైనది" అని జవాబు రాసి ఫైలు మూసేస్తారు, నేనే రాశాను అలాంటివి బోలెడు. "ఫలానా పనికి సంబంధించిన ఎల్‌ఎస్ డ్రాయింగు, హైడ్రాలిక్ లెక్కల నకళ్ళు ఇవ్వండి" అని ముక్కుసూటిగా రాయండి. వర్క్ ఆర్డరు నంబరు సైటు బోర్డు మీద ఉంటుంది, అది వేయండి. బోర్డు లేకపోతే, బోర్డు ఎందుకు లేదో అదీ అడగండి.

సెల్లార్లో_చేపలు
బోర్డుంది సార్. కాకపోతే దాన్ని కల్వర్టు మీద బల్లలా వేసి మిర్చి బజ్జీలు అమ్ముతున్నారు. సాయంత్రం పోయి నంబరు రాసుకొస్తా.